మరిగించని గోధుమ బీరు

రైనర్ మనసులో ఒకటే బాధ. గురువుగారు ఎంత గొప్పవారైనా ఆయనకు బీరు చెయ్యడం రాదు.

ఆ మాట పైకి అనలేడు. ఎమ్మెరాన్ అంటే ఆ కొండమీది మఠంలో అందరికీ గౌరవం. వయసు పైబడినా రొట్టె, బీరు ఇంకా ఆయన చేతిమీదుగానే తయారవుతాయి. ఆ చలిదేశపు మఠాల్లో బీరంటే మనకి అంబలి లాంటిది, తాగి తందనాలాడే సరుకు కాదు. రైనర్ సన్యాసం పుచ్చుకోకముందు పట్నంలో పెద్ద బీరు బట్టీలో పనిచేశాడు. ఆ పని తనకి క్షుణ్ణంగా వచ్చని అతని నమ్మకం. నమ్మకమేమిటి, నిజమే.

అందుకే గురువుగారి పద్ధతి చూస్తే అతనికి ఒళ్ళు మండేది. ఆయన మొలకెత్తించి ఎండబెట్టిన గోధుమల్ని మరాడించి, వేడినీళ్ళలో నానబెట్టి, దేవదారు రెమ్మలు పరిచిన తొట్టెలోంచి తియ్యటి రసం వడకట్టేవారు. లోకంలో ఎవరైనా ఆ రసాన్ని పొయ్యిమీద మరిగిస్తారు. ఈయన అలాంటిదేమీ పెట్టుకోరు. గోరువెచ్చగా చల్లారగానే కిందటిసారి పీపా అడుగున మిగిలిన మడ్డి కాస్త కలిపి మూత పెట్టేస్తారు. కొద్దిరోజుల్లో పులిసి, మసగ్గా, రొట్టె వాసనతో బీరు తయారయ్యేది. తాగితే వెంటనే తాగాలి. ఆలస్యమైతే పుల్లబడిపోతుంది.

అంచేత పీపా తెరిచిన రోజు గంట కొట్టేవారు. గంట వినగానే కింది ఊరివాళ్ళు చెక్క ముంతలు పట్టుకుని కొండెక్కి వచ్చేవాళ్ళు. పీపా ఖాళీ అయ్యేదాకా ఒకటే కబుర్లు. మూలికల వైద్యం చేసే ఉర్సులా కూడా వచ్చేది. ముందు తన ముంత తాగి, ఆ తర్వాత మంచంపట్టిన ముసలి సన్యాసి లూకాస్ ఛాతీకి లేపనం పట్టించి వెళ్ళేది.

రైనర్‌కి ఈ సందడి గిట్టదు. ప్రార్థనకి భంగమని సణుక్కునేవాడు. లూకాస్ అంటే మాత్రం అతనికి ప్రాణం. మఠానికి వచ్చిన కొత్తలో ఇల్లు గుర్తొచ్చి ఏడుస్తుంటే, ఒక్క మాటా అడక్కుండా పక్కన కూర్చున్నది ఆయనొక్కరే.

ఆకులు రాలే కాలంలో ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, రసాన్ని మరిగిస్తే మలినం పోతుంది. బీరు చలికాలమంతా నిలవుంటుంది. మనమెందుకు మరిగించం?"

ఎమ్మెరాన్ బీరు గది తాళంచెవి తెచ్చి అతని చేతిలో పెట్టారు.

"మరిగించు నాయనా," అన్నారు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. రైనర్ వేళాపాళా లేకుండా కట్టెలు కొట్టాడు, రసం కుతకుతా మరిగించాడు, పైకి తేలిన తెట్టు తీశాడు, బీరు నిలవుండటానికి పట్నం నుంచి తెప్పించుకున్న చేదు పూలు వేశాడు. నేలమాళిగలో వరసగా పీపాలు నింపి పెట్టాడు. బీరు ఊటనీరంత తేటగా వచ్చింది. గురువుగారు రుచి చూసి చాలా బాగుందన్నారు. మొహమాటానికి అన్నమాట కాదు, మొహమాటం ఆయనకి తెలీదు.

రోజూ ఎవరి వాటా వారికి పోసి రైనర్ మళ్ళీ బిరడా బిగించేవాడు. పుల్లబడేది లేదు గనక గంట కొట్టే పని పడలేదు. మఠం ప్రశాంతంగా ఉంది. అతను హాయిగా ప్రార్థన చేసుకున్నాడు.

అలా ఉండగా మంచు మొదలైంది. కురిసి కురిసి నడుములోతు పేరుకుంది. లూకాస్ దగ్గు ముదిరింది. ఒక ఉదయం ఊపిరందక ఆయన పెదవులు నీలం తిరిగాయి. ఉర్సులాని పిలుచుకొస్తానని రైనర్ బయటికి పరుగెత్తాడు.

తలుపు తీసి చూస్తే బాట లేదు. ఎక్కడ దారో ఎక్కడ లోయో తెలియకుండా కొండంతా ఒకటే తెలుపు. కిందటేడూ ఇంత మంచే పడింది. ఆ ముందేడూ ఇంతే. ఏనాడూ బాట మూసుకుపోలేదు.

ఎమ్మెరాన్ అప్పటికే చెక్కపారతో గుమ్మం ముందు మంచు ఎత్తిపోస్తున్నారు.

"ప్రతి ఏడూ ఈ బాట ఎవరు తీసేవారు గురువుగారూ?"

"ఎవరూ తీసేవారు కాదు. బీరు తాగడానికొచ్చేవాళ్ళు తొక్కేవారు."

అంత మాత్రం చెప్పి, పార శిష్యుడికిచ్చి, ఆయన లూకాస్ దగ్గర కూర్చోడానికి లోపలికి వెళ్ళారు.

మఠంలో మిగిలినవాళ్ళంతా పెద్ద వయసువాళ్ళే. రైనర్ ఒక్కడే తవ్వాడు. ఒక చేత్తో కొండచరియ తడుముకుంటూ దారి పోల్చుకుంటూ తవ్వాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఒక్కడివల్ల అయ్యే పని కాదని కాసేపటికే తెలిసిపోయింది. అయినా ఆపితే లూకాస్ ఏమైపోతారోనని ఆపలేదు. ఏడుస్తూనే తవ్వాడు.

మధ్యాహ్నం దాటాక, మలుపు దగ్గర, తన పార ఆగినా పార చప్పుడు వినబడింది. అతను చెవి రిక్కించాడు. చప్పుడు మంచుకి అవతల నుంచి వస్తోంది. ఇంతలో ఎదురుగా ఉన్న మంచుగోడ కూలి ఉర్సులా మొహం కనబడింది. ఆమె వెనక మిల్లు నడిపే మనిషి, అతని వెనక ఊళ్ళోవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు.

ఉర్సులా ముందు అడిగింది ఒకటే.

"ఎవరు పోయారు బాబూ?"

"ఎవరూ పోలేదమ్మా. లూకాస్‌కి ఊపిరాడటం లేదు. తొందరగా రండి."

ఆమె వీపుమీది మూలికల బుట్ట తన వీపుకెత్తుకుని అతను ముందు నడిచాడు. మిగిలిన సంగతి దారిలో ఆమే చెప్పింది. ఎన్నాళ్ళు చూసినా గంట వినపడలేదట. మఠానికి ఏదో కీడు జరిగిందని ఊరంతా దిగులుపడి, నిన్నటి నుంచి వంతులవారీగా తవ్వుకుంటూ వస్తున్నారట.

లేపనం పడ్డాక, ఆవిరి పట్టాక, లూకాస్ ఊపిరి మెల్లగా దారిలోకొచ్చింది. సాయంత్రానికి కళ్ళు తెరిచి వేడిగా ఏదైనా ఇమ్మన్నారు. అప్పుడుగానీ ఉర్సులా వంటింట్లోకొచ్చి పొయ్యి దగ్గర కూర్చోలేదు. ఊరివాళ్ళంతా అక్కడే ఉన్నారు.

రైనర్ నేలమాళిగలోంచి పీపా దొర్లించుకొచ్చాడు. చూస్తే, ఈసారి ఎవరూ ముంతలు తెచ్చుకోలేదు. గోడకి పారలే ఆనించి ఉన్నాయి. మఠంలో ఉన్న గిన్నెలన్నీ కడిగి అందరికీ పోశాడు.

ఉర్సులా ఒక గుక్క తాగి, గిన్నెలోకి చూసింది.

"ఎంత తేటగా ఉందో. బాగుంది బాబూ. మరి గంట కొట్టలేదేం?"

రైనర్ ఉన్నమాటే చెప్పాడు. "ఇది మరిగించిన బీరమ్మా. పాడవదు. అందుకని పిలవలేదు."

ఆమె అతని మొహంలోకి చూసింది. ఎత్తిపొడుపేమీ లేదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

"పాడవకపోతే పిలవరా?"

ఎమ్మెరాన్ ఓ పక్కన రొట్టె కోస్తున్నారు. తలెత్తలేదు.

రైనర్ చేతిలో కూజా కిందపెట్టాడు. ఆ గదిలో ఉన్న ఒక్కొక్కరినీ చూశాడు. తన చేతుల్లాగే వాళ్ళ చేతులూ బొబ్బలెక్కి ఉన్నాయి. బట్టల మీది మంచు కరిగి నేలంతా తడిసింది. వీళ్ళు రాకపోయుంటే లూకాస్ దక్కేవారు కాదు. ఇంతమంది ఇన్నేళ్ళూ తనకి తెలియకుండానే తనని కాచారు. ఎలా దణ్ణం పెట్టాలో, ఎవరికి పెట్టాలో తెలియలేదు.

ఉర్సులా ముందు నేలమీద కూర్చున్నాడు. తడిసి బిగుసుకుపోయిన ఆమె బూట్ల తాళ్ళు ఓపిగ్గా విప్పి, బూట్లు పొయ్యి పక్కన ఆరబెట్టాడు. ఆ తర్వాత మిల్లు మనిషి బూట్ల కోసం చెయ్యి చాచాడు.