నూకయ్య అడగలేని మాట

అనగనగా, మందు వేరు రూపంలోనూ వైద్యుడు దేవుడి రూపంలోనూ ఉన్న కాలంలో, ఒక ఊళ్ళో మేదరి నూకయ్య ఉండేవాడు. బుట్ట అల్లితే చీమ దూరదు, నోరు విప్పితే మాట బయటికి రాదు. అంత సిగ్గరి. ఈ కథ చెప్పేవాడూ మొనగాడేం కాదు లెండి. తన గురించి అడగలేని మాటే నూకయ్య మీద పెట్టి చెబుతున్నాడు.

నూకయ్యకు తల తిరిగేది. వైద్యుడు ఆచార్లు నాడి పట్టి, "నెత్తురు పోటెక్కువైందిరా. ఈ వేరుపొడి రోజూ వేసుకో. మానావంటే పోతావ్" అన్నాడు. వేసుకున్నాడు. నెల తిరిగేసరికి మనిషి లేచాడు, మగతనం పడుకుంది.

"ఏం మావా, నేను మొహం మొత్తానా? ఇంకెవత్తైనా దొరికిందా?" అంది పెళ్ళాం పైడమ్మ.

"లేదే" అన్నాడు. అంతకు మించి నోరు రాలేదు.

ఆచార్ల దగ్గరికి వెళ్ళాడు. అరుగు నిండా జనం. "ఏరా?" "వంకాయ తినొచ్చా అండీ?" "తిను." వచ్చేశాడు.

మళ్ళీ వెళ్ళాడు. అరుగు నిండా జనం. "ఏరా?" "ఎండుచేప అండీ..." "వద్దు." వచ్చేశాడు.

మూడోసారి వెళ్ళాడు. అరుగు మీద ఒక్క ముసలమ్మే ఉంది. "ఏరా?" నూకయ్య గుండె చిక్కబట్టుకున్నాడు. "చింతపండు..." అన్నాడు.

"వైద్యానికొచ్చావా, వంటకొచ్చావా?" అని ముసలమ్మ పకపకా నవ్వింది.

ఆ రోజు నుంచి వేరుపొడి వెదురుపొద పాలు. కొన్నాళ్ళకి పైడమ్మ మొహంలో నవ్వొచ్చింది. ఇంకొన్నాళ్ళకి నూకయ్య వెదురు చీలుస్తూ చీలుస్తూ మూతి వంకరపోయి పడ్డాడు. ఇన్నాళ్ళూ చెప్పలేనిదంతా ఆ వంకర నోటితోనే పెళ్ళానికి చెప్పాడు. పొద్దు వాలకముందే పోయాడు.

మూడోనాడు పైడమ్మ ఆచార్ల అరుగెక్కింది.

"ఆ పొడి మగాణ్ణి చల్లారుస్తుందని మీకు తెలుసా?"

"కొందరికవుతుంది."

"మరి చెప్పలేదేం?"

"మగాడితో ఆ మాటెలా అంటామమ్మా? మర్యాద కాదు."

"మా మావే మీకు చెప్పుంటే?"

ఆచార్లు తల దించాడు. "వేరు మార్చేవాణ్ణి. బోలెడు వేళ్ళున్నాయి."

"బోలెడున్నాయా!" అప్పటిదాకా 'మీరు' అన్న నోరు 'నువ్వు' అంది. "మనిషి ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పావు. మందు మనిషినేం తింటుందో ఒక్క ముక్క చెప్పలేకపోయావా? నీ మర్యాద బతికింది, నా మావ చచ్చాడు!"

అరుగు మీద ముగ్గురు మగాళ్ళు ఒక్కసారే దగ్గారు. ముగ్గురూ చాటుగా పొడి మానేసినవాళ్ళే. ముగ్గురికీ ఆ పూటే వేరు మారింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో మందు పొట్లం ఊరికే అందుకోరు. చేతులు వెనక్కి కట్టుకుని, "నూకయ్య మీద ఒట్టు, ఇది నన్నేం తింటుందో ముందు చెప్పండి" అంటారు. ఎంతటి వైద్యుడైనా చెప్పాకే పొట్లం చేతిలో పెట్టాలి. మొగుడు నసిగితే పెళ్ళాం మోచేత్తో పొడుస్తుంది:

"అడుగు మావా. అడిగినోడెవడూ చావలేదు."