వెన్నాకు వద్దనలేదు

ఒకప్పుడు మబ్బుల మీద కూడా మొక్కలు మొలిచేవి. మట్టి లేకుండా ఎలా అని నన్నడక్కండి, నాకూ అర్థం కాలేదు. మా అమ్మమ్మ చెప్పింది, నేను మీకు చెబుతున్నాను.

అలా ఒక మబ్బుకి ఒక్కగానొక్క కూతురు ఉండేది. అరచేతిలో సగం కూడా లేని మొక్క. పడుకున్నట్టు పరుచుకుని ఉండే అయిదు లేత ఆకులు, అంతే. ఆకులు వెన్నలా మెత్తగా ఉండేవని దాన్ని వెన్నాకు అని పిలిచేవాళ్లు.

ఎండలు ముదిరాయి. మబ్బు నీళ్లు తెచ్చుకోవడానికి సముద్రానికి వెళ్లాలి. అంత దూరం పిల్లని తీసుకెళితే వడదెబ్బ తగులుతుంది. అందుకని కొండ కింద కుండలు చేసుకునే ఎర్నమ్మ ఇంటి ముందు దిగింది.

"వదినా, మృగశిర కార్తెకి వచ్చేస్తాను. అందాకా నా పిల్లని చూస్తావా?" అంది.

"ఓలమ్మా, అదెంత పని! నా సేతిలో పడితే ఎండుకట్టైనా సిగురేస్తాది. నువ్వెల్లిరా," అంది ఎర్నమ్మ.

మబ్బు వెళుతూ వెళుతూ కూతురి చెవిలో ఒక మాట చెప్పింది. మొక్కకి చెవి ఎక్కడుంటుందో మరి! "ఒకరింట్లో ఉంటున్నావు. ఏం పెట్టినా వద్దనకు. అది మర్యాద కాదు."

ఎర్నమ్మకీ ఒక మర్యాద ఉంది. వచ్చినవాళ్లని 'ఇది పెట్టనా, అది పెట్టనా' అని ఎప్పుడూ అడగదు. అడిగి పెట్టడమంటే పెట్టకపోవడమేనని వాళ్లమ్మ నేర్పింది. అందుకే కంచం నిండా వడ్డించేస్తుంది. చాలంటే ఇంకాస్త వేస్తుంది.

ఇంకేముంది! ఆ మర్యాద, ఈ మర్యాద ఒకే ఇంట్లో పడ్డాయి.

ఎర్నమ్మ తన కుండల్లోకెల్లా అందమైనది తీసింది. "నన్నో తట్టెడు ఎత్తుకో, గుమ్మడిపాదులా పాకించేస్తాను," అంది పెంటకుప్ప. "నా నీళ్లు పొయ్యి, ఊరంతా తియ్యగున్నాయంటారు," అంది నుయ్యి. ఎర్నమ్మ కుండ నిండా పెంట వేసింది, బిందెడు నూతినీళ్లు పోసింది.

మూడోరోజుకి ఒక ఆకు నల్లబడింది.

"సాల్లేదు కాబోలు," అనుకుని, చిక్కటి గంజి ఆకుల మీద నుంచి ధారగా పోసింది. ఇంకో ఆకు నల్లబడింది. కరివేపాకు చెట్టుకి పోసే పుల్లమజ్జిగ పోసింది. మరో ఆకు పోయింది. దిష్టేమో అని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఎర్నమ్మకి దగ్గొచ్చింది గానీ మొక్కకి గుణమేమీ కనబడలేదు. నాలుగో ఆకు కూడా రాలింది.

"ఇదేటి సోద్యం? మంచి సేస్తంటే సెడ్డవుతోందేటి?" అని ఎర్నమ్మ బుర్ర గోక్కుంది. తప్పు పెంటదేనని నుయ్యి అంది. నూతిదేనని పెంట అంది. రెండూ పొద్దస్తమానం పోట్లాడుకున్నాయి.

ఒక్క ఆకు మిగిలింది. మృగశిరకి ఇంకా పదిరోజులుంది.

ఎర్నమ్మకి భయం పట్టుకుంది. "ఈ గుంట సచ్చిపోతే వదినకి ఏ మొగం సూపించాలి? మళ్లీ ఈ కొండ మొగం సూస్తాదా అది?" అని కుండ పక్కన కూలబడి ఏడ్చింది. ఏం చెయ్యాలో తోచక, వాళ్లమ్మ వింటే చీవాట్లు పెట్టే పని చేసింది.

"ఓలమ్మీ, నోరు తెరిసి అడుగుతున్నాను. నీకేటి కావాలే?"

వెన్నాకు తికమకపడింది. వద్దనకూడదని చెప్పింది అమ్మ. అడిగితే చెప్పకూడదని చెప్పలేదే! మెల్లగా అంది.

"అత్తా, మబ్బు మీద నాకు మట్టే లేదు. పెంట తింటే కడుపు మండుతోంది. నూతినీళ్లు మీకు తియ్యగానే ఉంటాయి గానీ, వాటిలో రాళ్లలోంచి ఊరిన ఉప్పు ఉంది, వేళ్లు మండుతున్నాయి. నాకు ఏమీ లేని ఇసక చాలు. తాగడానికి మా అమ్మ నీళ్లు కావాలి."

"మరిన్నాళ్లూ సెప్పవేటే?"

"నువ్వు అడగలేదు కదత్తా!"

ఎర్నమ్మ ఏటి ఇసక తెచ్చి ఏడుసార్లు కడిగింది. అందమైన కుండ పక్కన పెట్టి, కాల్చేటప్పుడు అడుగు చిల్లిపడిన బుల్లి కుండలో ఆ ఇసక పోసి మొక్కని నాటింది. మరి ఎర్రటి ఎండల్లో వాననీళ్లో?

ఆవిడ దగ్గర ఒక కూజాడు ఉన్నాయి. ఏటా తొలకరి నీళ్లు పట్టి దాచి, మళ్లీ ఏడాది పని మొదలెట్టే రోజున కుండలు చేసే చక్రం మీద చల్లేది. "అవి నావి!" అని చక్రం గుర్రుమంది. "నువ్వు ఊరుకో, నీకు దాహం లేదు," అని ఎర్నమ్మ ఆ నీళ్లు మూకుట్లో పోసి అందులో కుండని కూర్చోబెట్టింది. చిల్లిలోంచి నీళ్లు పైకెక్కాయి. ఆకు తల ఎత్తింది.

అయితే ఇసకలో తిండేదీ? వెన్నాకుకి ఆకలేసింది. అంతలో ఆకు మీద ఎండిపోయిన గంజి చెమ్మ తగిలి జిగురయింది. వెన్న పూసినట్టు తళతళలాడింది.

ఒక ఈగ చూసి, "ఆహా, వెన్న!" అని వాలింది. కాస్త నాకి, "ఇక వెళ్లొస్తాను," అంది. కాలు రాలేదు. "భోంచేసి వెళ్లమంటారా ఏమిటి?" అని అడిగింది. వచ్చినదాన్ని వద్దనడం మర్యాద కాదు కదా అని వెన్నాకు వద్దనలేదు.

మర్నాటికి రెండు రెక్కలే మిగిలాయి. పక్కనే కొత్త చిగురు!

"నేనేం చెయ్యలేదత్తా, అదే వచ్చింది," అంది వెన్నాకు కంగారుగా.

"మొక్క ఈగని తినడమేటో నాకు బోధపడలేదు గానీ, నువ్వు బతికినావు, నాకదే సాలు," అని ఎర్నమ్మ కళ్లు తుడుచుకుంది.

మృగశిర నాడు మబ్బు పరుగెత్తుకుంటూ వచ్చింది. కుండలో ఏడు ఆకులు మెరుస్తున్నాయి.

"వదినా, నా పిల్లకి ఏం పెట్టావు?"

"ఉత్తి ఇసక పెట్టినాను వదినా. ఈగల్ని అదే తిన్నాది," అంది ఎర్నమ్మ తల దించుకుని.

కోప్పడాలో సంతోషించాలో మబ్బుకి తెలీలేదు. తెలీక అక్కడే కురిసేసింది.

"అమ్మా," అంది వెన్నాకు తడుస్తూ, "నేనిక్కడే ఉంటాను. అత్త నన్ను అడిగి పెడుతుంది. నువ్వు ఏటా వచ్చి నీళ్లివ్వు."

అప్పటినుంచే వెన్నాకు ఏమీ లేని ఇసకలో బతుకుతోంది, జిగురాకుల మీద వాలిన ఈగల్ని తింటోంది, వాననీళ్లే తాగుతోంది. పెంట వేసినా, నూతినీళ్లు పోసినా ఇవాళ్టికీ వద్దనదు. నోరు మూసుకుని నల్లబడిపోతుంది. ముందు మనమే అడగాలి.