రాణిగారికి దీపంతో కబురు

రాణి స్వయంగా వండిన పులుసులో ఉప్పెక్కువైందని మణిగిరి రాజు వసంతభూపతి నిండు సభలో నోరు జారాడు. రాణి చర్రున లేచింది. "చంద్రుడు పొడిచేలోగా తప్పు ఒప్పుకోకపోతే పుట్టింటికి వెళ్ళిపోతాను" అని చెప్పి మరీ ఎదుటి కొండ మీది విడిదిలో కూర్చుంది.

సాయంత్రం దాకా రాజు బింకంగానే ఉన్నాడు. పొద్దు వాలేసరికి గుండె జారింది. లోయ దిగి అవతలి కొండ ఎక్కే వ్యవధి లేదు. పెళ్ళైన కొత్తలో దూరం నుంచి ఊసులాడుకోవడానికి ఇద్దరూ ఒక దీపపు భాష కల్పించుకున్నారు. ఒక్కో అక్షరానికి ఇన్ని మెరుపులని లెక్క. ఆ లెక్క ఇప్పుడు కోటలో అందరికీ తెలుసు.

"'తప్పు నాదే' అని మెరిపించినవాడికి ముత్యాల హారం!" అన్నాడు రాజు.

దీపాల అధికారి అగ్నిభట్టు మీసం దువ్వుతూ ముందుకొచ్చాడు. బురుజు మీద పెద్ద కాగడా నిలబెట్టించాడు. వెలిగించడం, నీళ్ళు కొట్టి ఆర్పడం, మళ్ళీ వెలిగించడం. తడిసి తడిసి కాగడా అంటుకోనని మొండికేసింది. అప్పటికి "తప్పు" అన్న మాట మాత్రమే వెళ్ళింది.

ఎదుటి కొండ మీద దీపం మెల్లగా వెలిగి ఆరి జవాబు చెప్పింది. రాజు చదివి నీరుగారిపోయాడు.

"ఎవరిది?"

తూర్పున ఆకాశం వెన్నెలతో తెల్లబడుతోంది. రాజు దీనంగా విదూషకుడు సింగన్న వైపు చూశాడు. సింగన్నకీ గుబులుగానే ఉంది. రాణి వెళ్ళిపోతే రాజుగారి ఏడుపు రోజూ వినాల్సింది తనే మరి!

వంటశాల నుంచి చేట తెప్పించాడు. కొత్త కాగడా వెలిగించి, దాని ముందు చేట అడ్డం పెడుతూ తీస్తూ టకటకా ఆడించసాగాడు.

"మంట ఆర్పకుండా కబురేమిటయ్యా? శాస్త్రం ఒప్పుకోదు!" అని చిందులేశాడు అగ్నిభట్టు.

"మాట్లాడేటప్పుడు పెదాలు ఆడిస్తాం గానీ, అక్షరానికోసారి ప్రాణం తీసి పోసుకోం కదా, భట్టుగారూ!"

అందరూ ఘొల్లుమన్నారు. చంద్రుడు తొంగిచూసేలోపే "నాదే" వెళ్ళిపోయింది. చెయ్యి ఊరుకోక సింగన్న "ముమ్మాటికీ" అని కూడా కలిపాడు.

"వస్తున్నా" అని మెరిసింది అవతలి దీపం. రాజు ఎగిరి గంతేశాడు.

కానీ ఆ దీపం ఆగలేదు. రాణిగారూ చేట కిటుకు పట్టేసినట్టుంది! పెళ్ళినాటి నుంచి దాచుకున్న ఫిర్యాదులన్నీ ఒకదాని వెంట ఒకటి చకచకా మెరవసాగాయి. చదవలేక రాజుకి ముచ్చెమటలు పోశాయి.

"సింగన్నా, ఈ వేగం తట్టుకునే ఉపాయం చెప్పవయ్యా!"

"ఒక్కటే ఉంది ప్రభూ. అంతే వేగంగా తమరూ ఒప్పుకుంటూ పోవడమే!"

అంటూ చేట రాజు చేతిలో పెట్టాడు. రాజు పగలబడి నవ్వి, హారం తీసి సింగన్న మెడలో వేసి, చేట ఆడించడం మొదలుపెట్టాడు.