నూకలు ఎక్కువైన బియ్యం

కృపాకరం పెట్టె సర్దుకుని వచ్చేశాడు.

"ఇంక నా వల్ల కాదండి అయ్యగారూ," అన్నాడు గుమ్మంలోనే నిలబడి. "నన్ను ఇంకో ఊరు మార్చండి. లేదంటే మా ఇంటికి పోతాను."

దైవాశీర్వాదం అయ్యగారు అతనికి వాక్యం నేర్పిన గురువు. గోదావరి లంకల్లోని క్రైస్తవ సంఘాలన్నిటికీ ఆయనే పెద్ద. కృపాకరాన్ని ములకలంకకు ఉపదేశిగా పంపిందీ ఆయనే. పెట్టెను చూశారు. కాళ్ళు కడుక్కుని లోపలికి రమ్మన్నారు.

కష్టం చిన్నదేం కాదు. ప్రార్థనకు వెళ్ళేవాళ్ళను పొలం పనులకు పిలవకూడదని ములకలంక ఆసాములు కట్టడి చేశారు. నాట్ల రోజులు. ఆ కూలి వస్తేనే విశ్వాసులుండే పేటలో పొయ్యి వెలుగుతుంది. ఆ ఆదివారం మందిరానికి వచ్చింది చెవులు వినపడని ముసలమ్మ ఒక్కతే. ఆమెకు కట్టడి సంగతి ఇంకా తెలీదు.

కృపాకరానికి గొంతు పెద్దది, కోపం అంతకంటే పెద్దది. పేట మధ్యలో నిలబడి, "కూలి కోసం దేవుణ్ణి వదిలేసిన పిరికివాళ్ళు మీరు" అని గొంతు చించుకున్నాడు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు. ఆ మర్నాడే పెట్టె సర్దాడు.

"ఆ ఊళ్ళో విశ్వాసి అన్నవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలానండి. ఒక్కణ్ణీ ఎన్నాళ్ళు నిలబడతాను?" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"అన్నం తిన్నావా?" అని అడిగారు అయ్యగారు.

"లేదండి."

ఆయన లోపల్నుంచి ఒక గుడ్డసంచి తెచ్చి బియ్యం చేటలో పోశారు. "రాళ్ళేరి వండు. నాకు చూపు ఆనటం లేదు."

కృపాకరానికి ఒళ్ళు మండింది. ఓదార్పు కోసం వస్తే వంటపని చెబుతున్నారు! అయినా గురువు మాట కాదనలేక చేట ముందేసుకుని కూర్చున్నాడు.

ఆ బియ్యం ఒక రకం కాదు. దొడ్డు బియ్యం, సన్న బియ్యం, కోటా బియ్యం, మధ్యలో ఎర్రగింజలు, బోలెడు నూకలు. చూడగానే అతనికి తెలిసిపోయింది. ఇవి పిడికెడు బియ్యం.

ఎసట్లో బియ్యం పోసే ముందు సంఘంలోని ఆడవాళ్ళు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. అది దేవుడిది. నెలాఖరున అన్ని ఇళ్ళవీ ఉపదేశి పోగుచేసి అయ్యగారికి చేర్చాలి. ఈ నెల కృపాకరం ఏ ఇంటికీ వెళ్ళలేదు. ఎవరు పెడతారులే అనుకున్నాడు.

"ఇవి ఏ ఊరివండి?"

"మీ ఊరివే. నిన్న సాయంత్రం మీ పేట సుగుణమ్మ గడ్డిమోపులో దాచి తెచ్చింది."

"ఆసాములకు భయపడా?"

"వాళ్ళకూ భయపడే. నీకూ భయపడే."

చేటలో కృపాకరం చెయ్యి అలాగే ఉండిపోయింది. పేటలో ఒక్కో ఇల్లూ, మూసిన ఒక్కో తలుపూ గుర్తొచ్చాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"వాళ్ళకు పనుల్లేవు కదండీ," అన్నాడు చేటలోకే చూస్తూ.

"లేవు. అందుకే ఈసారి నూకలు ఎక్కువ."

కృపాకరం మళ్ళీ చేట ముందుకు లాక్కున్నాడు. రాళ్ళేరాడు. నూక ఒక్కటి కూడా జారిపోకుండా మెల్లగా కడిగాడు. ఎసరు మరిగాక బియ్యం చేతిలోకి తీసుకుని ఆగాడు. ఒక పిడికెడు తీసి తువ్వాలు చెంగున ముడి వేసుకున్నాడు. మిగిలినవి ఎసట్లో పోశాడు.

అయ్యగారు చూస్తూనే ఉన్నారు.

"అది ఏ సంఘంలో ఇస్తావు?"

"ములకలంకలోనండి."

"అయితే త్వరగా తిను. పడవ వెళ్ళిపోతుంది," అని ఆయన కంచాలు తేవడానికి లేచారు.