సోమవారం కూలి

ఏటి ఒడ్డున ఒక నక్కకు దోసచేను ఉండేది. ఎంత చేనంటారు? కాకి ఈ గట్టు మీద గుడ్డు పెట్టి ఎగిరితే, ఆ గట్టు చేరేలోగా పిల్లకు రెక్కలొచ్చి వెనకాలే వచ్చి కలిసేది. ఆ చేలో గుంటక లాగి కలుపు తీసే పని పుల్లోడు అనే ఎర్రెద్దు కూలికి ఒప్పుకున్నాడు. వారానికి ఆరు రోజులు పని, రోజుకో చొప్పమోపు కూలి. సోమవారం ఎద్దు మెడ మీద కాడి పెట్టకపోవడం ఆ పక్క ఆనవాయితీ.

ఆ సోమవారం కోసమే పుల్లోడు మిగతా ఆరు రోజులూ బతికేవాడు. ఏటి నడుమ లంకలో అతని జోడు మైలోడున్నాడు. పద్నాలుగేళ్లు ఇద్దరూ ఒకే కాడి మోశారు. మైలోడిది కుడిపక్క, పుల్లోడిది ఎడమపక్క. చూపు పోయాక మైలోడు మెత్తటి గడ్డి వెతుక్కుంటూ లంకకు చేరాడు. సోమవారం పొద్దున్నే పుల్లోడు ఏరు దాటి, తన ఎడమపక్క చోట్లో నిలబడేవాడు. మైలోడు భుజం ఆనించేవాడు. పొద్దుగూకేదాకా పాత వరద కబుర్లు చెప్పుకునేవాళ్లు. అంతే, అంతకు మించి ఏమీ లేదు.

ఒక సోమవారం నక్క గట్టు మీద ఎదురైంది.

"ఏటికేనా పుల్లన్నా? పోతూ పోతూ ఒక్క సాలు లాగిపో. నీ బలానికి అదో పనా!"

"ఇవాళ సోమవారం కదా బావా..."

"ఎప్పుడో ఒకసారి నోరు తెరిచి అడిగితే వారాలు లెక్కపెడతావా? మనలో మనకేంటి!"

పుల్లోడికి కొమ్ములకంటే మొహమాటం పొడుగు. సరేనన్నాడు. ఒక్క సాలు కాస్తా పన్నెండైంది. తలెత్తేసరికి పొద్దు ఏట్లో మునుగుతోంది. మరుసటి సోమవారం కంచె ఒరిగిందంది నక్క. ఆ పై వారం చుట్టాలొస్తున్నారంది. చొప్ప మాట అది ఎత్తలేదు, వీడు అడగలేదు.

ఆ మర్నాడు, మంగళవారం, లంక నుంచి కొంగ వచ్చి పుల్లోడి వీపు మీద వాలింది.

"ఏరా, బతికే ఉన్నావా? నీ జోడు నిన్నంతా మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డాడు. నీళ్లకొచ్చిన ప్రతి గొర్రెనీ వాసన చూసి, 'పుల్లా, నువ్వేనా?' అని అడుగుతున్నాడు. గొర్రెలు నవ్వుకుంటున్నాయి."

పుల్లోడు నెమరు ఆపేశాడు.

"సోమవారానికి రెట్టింపు కూలి అడగరా వెర్రి నాగన్నా!" అంది కొంగ.

"రెండు మోపులిస్తే నాకు చొప్ప వస్తుంది అత్తా. వాడికేం వస్తుంది?"

ఆ వారమంతా పుల్లోడు గుంటక లాగుతూ అదే ఆలోచించాడు. సోమవారం రానే వచ్చింది. దాంతోపాటే నక్క.

"పుల్లన్నా, ఆ మూల కాస్త..."

"చేస్తాను బావా. కానీ ఇకనుంచి సోమవారానికి కూలి ఉంది."

నక్క చెవులు వాలిపోయాయి. "ఎన్ని మోపులు?"

"మోపులొద్దు. నేను నీ చేలో ఉన్నంతసేపూ లంకలో నా చోటు ఖాళీగా ఉండకూడదు. నువ్వెళ్లి మైలోడి ఎడమపక్క నిలబడు."

"నిలబడ్డమేనా!" నక్క కడుపు పట్టుకుని నవ్వింది. "ఇంత చవకని ముందే చెబితే ఏడాది సోమవారాలన్నీ మాట్లాడేసుకునేవాణ్ణి!"

ఈదుకుంటూ పోయింది. పుల్లోడు గుంటక లాగాడు. సాలు చివరికొచ్చిన ప్రతిసారీ ఆగి చూశాడు. లంకలో బూడిదరంగు మచ్చ ఒకటి, దాని పక్కన చిన్న గోధుమరంగు మచ్చ. ఆ చిన్న మచ్చ చోటు తనది.

పొద్దువాలాక నక్క తిరిగొచ్చింది. వచ్చింది నక్కో, ఎండేసిన నక్క తోలో చూస్తే తెలియలేదు.

"వెయ్యి బస్తాల బరువు నా మీద ఆనించాడు! తప్పుకుంటే పడిపోతాడు, నిలబడితే నేను పోతాను. వరద కథ పదిహేడుసార్లు చెప్పాడు. ప్రతిసారీ ఒకచోట ఆగి, 'అప్పుడు నువ్వేమన్నావురా?' అని అడుగుతాడు. నాకేం తెలుసు? నేను చెప్పేదాకా కదలడు!"

"ఎక్కడ ఆగాడు?" అన్నాడు పుల్లోడు.

"కాడి తెగి ఇద్దరూ చెరోపక్క కొట్టుకుపోయారట..."

"ఆఁ, ఆఁ. అక్కడే. ఇంకోసారి చెప్పు బావా."

"నా వల్లకాదు! నీ సోమవారానికో దండం. ఆ మూల కలుపు నేనే గోళ్లతో పీక్కుంటాను."

మరుసటి సోమవారం నక్క నిజంగానే ఆ మూల కూర్చుని, పుల్లోడు గట్టు దాటుతుంటే మొహం తిప్పుకుంది. పుల్లోడు మంచు విడకముందే ఏరు దాటి, చప్పుడు చెయ్యకుండా ఎడమపక్క చేరాడు. మైలోడు వాసన చూడలేదు. మెల్లగా భుజం ఆనించాడు.

"పోయినవారం ఎవణ్ణిరా పంపావు? దోసకాయ కంపు. అందుకే కాస్త గట్టిగా ఆనాను."

పుల్లోడు నవ్వబోయి ఆగాడు. ఆ భుజం ఐదు వారాల్లో ఎంత చిక్కిపోయిందో.

"కాడి తెగింది, చెరోపక్క పోయాం," అన్నాడు మైలోడు. "అప్పుడు నువ్వేమన్నావురా?"

"ఇక్కడే ఉన్నానన్నాను."

సెలవు రోజు పని ఊరికే చేసిపెట్టకండి. ఆ రోజు మీ కోసం ఎవరు కాచుకుని నిలబడ్డారో తలుచుకుని కూలి చెప్పండి.