కొండెక్కని కారు

“వచ్చే వానల్లోపు మీ కొండపేటకు దారి వేయిస్తాను” అని రాజావారు నిండు సభలో మాట ఇచ్చారు. మూడు వానాకాలాలు గడిచాయి. దారి మాత్రం దివాణం దస్త్రాల్లోనే పడింది.

కొండపేట మెకానిక్ దస్తగిరి జ్వరంతో ఉన్న భార్యను మంచం మీద మోయించుకుని దిగుతూ, దారిలేని ఆ కొండరాళ్ల మధ్యే ఆమెను పోగొట్టుకున్నాడు. కొండమీది కొట్టంలో ఇప్పుడు అతనితో మాట్లాడేవి రిపేరుకు మోసుకొచ్చే నీటి ఇంజన్లే.

ఫాల్గుణంలో పొరుగురాజుతో, ఆయన రాజ్యంలో కొండెక్కే కార్ల పందెం ఉందని రాజావారు తమ పాత కారుకు పెద్ద ఇంజను పెట్టించారు. అది నిలబడి ఉంటే బాగా గుర్రుమనేది, తొక్కితే దగ్గి ఆగిపోయేది. దస్తగిరిని కోటకు పిలిపించారు.

అతను కార్బురేటర్ విప్పి, పెట్రోలు వచ్చే జెట్ మార్చాడు.

“పాత జెట్ రంధ్రం ఈ ఇంజనుకు చాలలేదు దేవరా. ఇక కోటవీధిలో పరుగెడుతుంది. కానీ ఎత్తు ఎక్కించి సరిచూడకపోతే పందెంలో మళ్లీ ఆగుతుంది. మన రాజ్యంలో ఎత్తంటే మా కొండే.”

“అక్కడికి కారెలా వస్తుందిరా, వెర్రివాడా!” అన్నారు రాజావారు.

“దస్త్రంలో ఉన్న దారినే రావచ్చు కదా, దేవరా?”

పక్కనే ఉన్న దివాను తల దించుకున్నాడు.

“నాకోసం అడగడం లేదు,” అన్నాడు దస్తగిరి. “ నాకిక ఎవరూ లేరు. దారి మీ దయ కాదు, జనం హక్కు. ఎప్పుడు వేస్తారో మాఘ పౌర్ణమిలోగా చెప్పండి.”