పేరంటాలవ్వకు వినిపించిన పిలుపు

అనగా అనగా, మన ముత్తాతల ముత్తాతలు ఇంకా ఉయ్యాలల్లో ఊగుతున్న రోజుల్లో, గువ్వలకోట అనే ఊరుండేది. చిన్న ఊరు, చిన్న కోట, ఆ కోటలో ఒక రాజు. కోటలో సన్నాయి ఊదేవాడి పేరు సింగన్న. అతను పొద్దున్నే సన్నాయి ఎత్తితే రాజుగారు పళ్ళు తోముకోవడం ఆపి మరీ వినేవారట!

సింగన్న తల్లి పేరు పేరంటాలు. ఆ ఊరికి మంత్రసాని. యాభై ఏళ్ళపాటు ఏ ఇంట్లో నొప్పులొచ్చినా కబురు ఆమెకే. ఆముదపు బుడ్డి, మెత్తటి పాతగుడ్డలు, ఒక దారపుండ మూటగట్టుకుని వానలో వెళ్ళింది, వరదలో వెళ్ళింది, జ్వరంతోనూ వెళ్ళింది.

ఇప్పుడామెకు ఎనభై దాటాయి. ఒళ్ళు గట్టిదే గాని, మతి నిలవడం లేదు. తిన్న అన్నం మరిచింది, పోయిన మొగుణ్ణి మరిచింది, చివరికి కన్నకొడుకునే మరిచింది. సింగన్న దగ్గరకొచ్చి కూర్చుంటే, "ఎవరు నాయనా నువ్వు? మీ ఇంట్లో ఎవరికైనా నెలలు నిండాయా?" అని అడిగేది. 

రోజూ మిట్టమధ్యాహ్నం, సరిగ్గా అన్నం వడ్డించే వేళకు, అవ్వ చెవులు రిక్కించేది. "పిలుస్తున్నారు. ఎవరికో నొప్పులొచ్చాయట, పోవాలి" అంటూ మూట చంకన పెట్టుకుని వీధిలోకి నడిచేది. ఎవరి తలుపు కనబడితే ఆ తలుపు తట్టేది.

ఒకనాడు కోటలో డోలు వాయించేవాడు, "నిన్న మీ అమ్మ మా ఎద్దుల కొట్టంలోకి పురుడు పోయడానికొచ్చిందయ్యా" అన్నాడు. వాద్యగాళ్ళంతా పకపకా నవ్వారు. సింగన్నకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొస్తూనే వడ్రంగిని పిలిపించి వీధితలుపుకి బయట గడియ పెట్టించాడు. మధ్యాహ్నమయింది. అవ్వ లోపలినుంచి తలుపు బాదింది. "తల్లీ, కాస్త ఓర్చుకో, వస్తున్నా! అయ్యో, బిడ్డ అడ్డం తిరిగిందేమో!" అని పొద్దువాలేదాకా ఏడ్చింది. మెతుకు ముట్టలేదు. అలా మూడు రోజులు.

సింగన్న గడియ తీయించి వైద్యుణ్ణి తెచ్చాడు. వైద్యుడు రోజూ పొద్దున్నే పసరు పోశాడు. అవ్వ పొద్దున పడుకుంటే చీకటి పడేదాకా లేచేది కాదు. ఏడుపు ఆగింది. దానితోపాటు తిండీ ఆగింది. బుగ్గలు లోపలికి పోయాయి, చేతులు పుల్లలయ్యాయి. వైద్యుడు నాడి చూసి తల వంచుకున్నాడు. "మందు బాగానే పనిచేస్తోంది సింగన్నా. మనిషే అయిపోతోంది. ఇలా తినకపోతే అమావాస్య దాటదు."

అమావాస్యకి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. సింగన్న అరుగు మీద కూలబడ్డాడు. అప్పుడు అతని భార్య అంకమ్మ పసరు గిన్నె తీసి బోర్లించేసింది.

"రేపు నేను అత్తతో కూడా పోతాను. ఎవరికో నొప్పులంటోందిగా, ఇద్దరం చూసొస్తాం" అంది.

"నీక్కూడా మతి పోయిందా? ఎవరికీ నొప్పుల్లేవే!"

"లేవని నీకు తెలుసు, నాకు తెలుసు. ఆమెకు తెలీదే! రోజూ ఓ తల్లీ బిడ్డా తన కోసం చూసి చూసి చచ్చిపోతున్నారని ఏడుస్తోంది. అలాంటి మనిషికి ముద్దెలా దిగుతుందయ్యా?"

 సింగన్న ఇన్నాళ్ళూ తల్లి ఏడుపు విన్నాడు గాని, ఎందుకేడుస్తోందో వినలేదు.

మర్నాడు మధ్యాహ్నం అవ్వ పోవాలంటూ లేవగానే అంకమ్మ మూట అందించి, చెయ్యి పట్టుకుని నడిపించింది. సింగన్న మొహానికి ఉత్తరీయం కప్పుకుని దూరంగా వెనకాలే వెళ్ళాడు. అవ్వ నేరుగా గానుగ బసవయ్య తలుపు తట్టింది. బసవయ్య అంటే సామాన్యుడా! గుమ్మం నిండా ఉంటాడు, బుర్రమీసాలు, ఉరిమినట్టు గొంతు.

"ఏదయ్యా, నొప్పులు పడుతున్న పిల్లేదీ?" అంది అవ్వ.

బసవయ్య అవ్వ వంక చూశాడు. ఇక నవ్వుతాడని సింగన్న కళ్ళు మూసుకున్నాడు. నవ్వు వినబడలేదు. కళ్ళు తెరిచేసరికి ఆ మహాకాయుడు తలపాగా విప్పి, అవ్వ కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని ఉన్నాడు.

"పురుడైపోయిందవ్వా. మగపిల్లాడు. ఇదిగో, నేనే."

అవ్వ అతని తల మీద చెయ్యి వేసింది. వణికే వేళ్ళు జుట్టులో మెల్లగా కదిలి, ఎడమ చెవి వెనకనున్న చిన్న సొట్ట దగ్గర ఆగాయి. వణుకు ఆగిపోయింది.

"నువ్వా! పేగు మెడలో వేసుకుని పుట్టావు. నల్లగా కమిలిపోయి, ఏడిస్తేగా! వెల్లుల్లి నమిలి మొహాన ఊదితే అప్పుడు కేరుమన్నావు. మీ అమ్మకు పాలు పడ్డాయా?"

బసవయ్య తల్లి పోయి ముప్పై ఏళ్ళయింది. అతని బుర్రమీసాల మీదుగా కన్నీళ్ళు జారాయి. "పడ్డాయవ్వా. కడుపునిండా తాగాను" అన్నాడు.

అవ్వ బోసినోటితో నవ్వింది. ఇంటికొచ్చి కాళ్ళూ చేతులూ కడుక్కుని, కంచం నిండా తిని, మళ్ళీ పెట్టమంది.  కొడుకు మొహం గుర్తులేని మనిషికి, యాభై ఏళ్ళ కిందట చేతుల్లోకి తీసుకున్న తల గుర్తుంది! ఇదెక్కడి వింత! సింగన్న ఆ చేతులకేసి చూస్తూ ఉండిపోయాడు.

మర్నాడు అంకమ్మ చెయ్యి పట్టుకుని బయల్దేరిన అవ్వ ఏ ఇంటి ముందూ ఆగలేదు. సరాసరి కోట గుమ్మానికి వెళ్ళింది. రాజుగారు కొలువు తీరిన వేళ! భటులు బల్లేలు అడ్డం పెట్టారు. వెనకాలే వస్తున్న సింగన్న హడలిపోయాడు. ఉద్యోగం సరే, తల దక్కుతుందా? పరుగెత్తుకెళ్ళి భటుడి కాళ్ళమీద పడ్డాడు. అవ్వ మాత్రం బల్లేన్ని చేత్తో పక్కకు తోసి, "అడ్డం నిలబడతావేమిరా! లోపల రాణి ప్రాణం పోతే నువ్విస్తావా?" అని గద్దించింది.

ఆ గొంతు విని రాజుగారే బయటికి వచ్చారు. ఈ అవ్వ చేతుల్లో తాను పుట్టిన కథ తల్లి చెప్పగా వంద సార్లు విన్నారు. కిరీటం తీసి మంత్రి చేతికిచ్చి, అందరూ చూస్తుండగా మెట్ల మీద కూర్చుని తల వంచారు. "పురుడైపోయిందవ్వా. చూడు."

అవ్వ వేళ్ళు రాజుగారి తల తడిమాయి. "అబ్బో, ఈ తలా! మూడు రోజులు రానంటే రానన్నావు. ఎంత మొండివాడివి! రాణిగారు ఇక లేరనుకున్నాను."

మంత్రులంతా నేల చూపులు చూశారు. రాజుగారు నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. "ఈమె ఇకపై కోటలోనే ఉంటుంది. పట్టుపరుపు, నలుగురు దాసీలు, ఆస్థాన వైద్యుడు. ఏ లోటూ రాకూడదు" అన్నారు.

అంతా భేష్ అన్నారు. సింగన్నకూ ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. బరువు దిగుతుంది, పరువు పెరుగుతుంది! కానీ తల్లి అప్పటికే మూట సర్దుకుని వీధి వైపు చూస్తోంది. అతను చేతులు జోడించాడు.

"ప్రభూ, మన్నించండి. కోటలో తలుపులెక్కువ. మా అమ్మకు వీధి కావాలి. ఆమె చేతులకు తెలిసిన తలలు ఈ ఊరంతటా ఉన్నాయి. మా ఇంట్లోనే ఉండనివ్వండి."

రాజుగారు సరేనని చాటింపు వేయించారు. మధ్యాహ్నం పూట గువ్వలకోటలో ఏ ఇంటి తలుపూ మూసి ఉండకూడదు! ఆ మర్నాటినుంచి చూడాలి ఊరి సంబడం. తల నెరిసినవాళ్ళు సైతం తలంటుకుని, జుట్టు దువ్వుకుని, ఈ పూట అవ్వ మా ఇంటికే అంటూ గుమ్మాల్లో కూర్చునేవారు. అవ్వ రోజూ కడుపారా తినేది. అమావాస్య వచ్చింది, వెళ్ళింది.

పౌర్ణమి నాడు అంకమ్మకు ఒళ్ళు వెచ్చబడింది. సింగన్న తానే తల్లి చెయ్యి పట్టుకున్నాడు. అవ్వ గడప దాకా వచ్చి ఆగిపోయింది. చెవులు రిక్కించి, వెనక్కి తిరిగింది. "ఇవాళ పిలుపు ఈ ఇంట్లోంచే" అంది.

సింగన్న గడప దిగబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు. ఈ చేతులు కూడా తనను ఎరగమంటే? అయినా ఆమె ముందు కూర్చుని తల వంచాడు. "పురుడైపోయిందమ్మా. నేనే."

వేళ్ళు అతని జుట్టులో కదిలాయి. నుదుటి నుంచి మాడుకి, మాడు నుంచి మెడకి. అక్కడ ఆగి, మరి కదలలేదు.

"నువ్వు జొన్నచేలో పుట్టావు" అంది అవ్వ.

సింగన్న అదిరిపడ్డాడు. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

"పొరుగూళ్ళో పురుడు పోసి వస్తుంటే దారిలో నొప్పులొచ్చాయి. ఊరందరికీ నేనున్నాను. నాకెవరున్నారు? చేలోకి పోయి, నేనే పట్టుకున్నాను, బొడ్డు నేనే కోశాను. కాస్త లేచి కూర్చునేసరికి ఇంకో ఇంటినుంచి కబురు. నిన్ను కొంగులో చుట్టుకుని అటే వెళ్ళాను. కిక్కురుమనలేదు నువ్వు. ఇంత కళ్ళేసుకుని నన్నే చూస్తూ వచ్చావు."

సింగన్న తల్లి ఒడిలో తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అవ్వ ఆ తల నిమురుతూ అడిగింది. "ఏడవకు నాయనా. ఇంతకీ మీ అమ్మ ఏమైనా తిందా?"

"లేదమ్మా, ఇంకా తినలేదు."

"పచ్చి బాలింత. ముందు ఆమెకింత పెట్టు."

సింగన్న లేచి వేడి అన్నంలో నెయ్యి వేసి కలిపి, ముద్దలు చేసి తల్లి నోటికందించాడు. ఆమె ఆఖరి ముద్ద దాకా తింది.

పిల్లలూ, మతి తప్పిన పెద్దవాళ్ళను మన దారికి లాగకండి, చెయ్యి పట్టుకుని వాళ్ళ దారిలో నాలుగడుగులు నడవండి.